తమ్ముడి కొట్టు త్రాసు

ఇల్లు, ముందు గది
వేసవి చివర

మరదలికి,

కర్మలు అయ్యాక అందరూ వెళ్ళిపోతున్నప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఒకటి అడిగావు. ఆఖరి రోజు ఏం జరిగిందని. అప్పుడు చెప్పలేదు. ఫోన్‌లో చెప్పను. నోటి మాట ఎవరికి కావలసినట్టు వాళ్ళకి వినపడుతుంది. కాగితం మీద ఉంటే ఇద్దరికీ ఒకటే.

ఆ పొద్దున్న ఆసుపత్రిలో మీ అక్క మెలకువగానే ఉంది. దువ్వెన అడిగింది. నేనే దువ్వాను. పాపిడి వంకరగా వచ్చిందంది. మళ్ళీ తీశాను. నర్సు వచ్చి ఆక్సిజన్ పెంచింది. కిటికీ అవతల ఎవరో నిచ్చెన వేసుకుని గోడకి రంగు వేస్తున్నారు. ఆ వాసన పడటం లేదని మీ అక్క చేత్తో చూపించింది. లేచి కిటికీ మూశాను. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట.

మధ్యాహ్నం ఊపిరి అందలేదు. నన్ను బయటికి పంపారు. వరండాలో చెక్క బల్ల ఉంది. ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. దాని మీద కూర్చున్నాను. కాసేపటికి డాక్టర్ వచ్చాడు. వెంటిలేటర్ పెట్టమంటారా అని అడుగుతాడనుకుని లేచి నిలబడ్డాను. ఆయన అడిగింది వేరు.

"పేషెంటుగారి చెల్లెలు వచ్చారాండీ?"

రాలేదు, వేరే ఊళ్ళో ఉద్యోగం, నేను భర్తని అన్నాను.

"తెలుసండీ. ఒక్క నిమిషం," అని తన గదిలోకి వెళ్ళాడు. తలుపుకి అద్దం ఉంది. ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేశాడు. ఫైలు తీసి చదివాడు. మళ్ళీ చేశాడు. రెండోసారి తను మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. బయటికి వచ్చి, "వెంటిలేటర్ వద్దన్నారండీ. నొప్పి లేకుండా చూసుకుంటాం," అన్నాడు.

ఎవరు వద్దన్నారు అన్నాను. ఫైలు తెరిచి మొదటి పేజీ చూపించాడు. లాయర్ ముద్ర ఉంది. మీ అక్క సంతకం ఉంది. తను మాట్లాడలేని పరిస్థితి వస్తే వైద్యం గురించి తన తరఫున నిర్ణయించే మనిషి నువ్వు. నా పేరు కూడా ఒక చోట ఉంది, చిరునామాలో. నేను పేజీ తిప్పబోతే ఆయన ఫైలు మూశాడు.

సాయంత్రం మీ అక్క పోయింది. చెయ్యి పట్టుకునే ఉన్నాను. నొప్పి పడలేదు. నువ్వు బస్సు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

నువ్వడిగింది చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతాను. మీ అమ్మ విషయంలో వెంటిలేటర్ తీసేయమని నువ్వు చెప్పావు. ఆ రోజు నుంచి మీ అక్క నీతో మాట్లాడటం మానేసింది. మాటలు లేని చెల్లెలి చేతిలో తన ఊపిరి పెట్టి, పక్కనే ఉన్న మొగుణ్ణి బల్ల మీద కూర్చోబెట్టింది. తూనికల ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగమంతా నేను ఒక్కటే నేర్చుకున్నాను. కొట్టువాడు చెప్పిన తూకం రాసుకోకూడదు. త్రాసు ముల్లు చూపించింది రాసుకోవాలి.

ఆ కాగితం సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?

మీ బావ


డిపో, విచారణ కౌంటర్ వెనక గది
తొలి వాన పడిన వారం

బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. పాపిడి దగ్గర ఆగిపోయాను. మూడు బస్సులు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టి చదివాను.

మీ ప్రశ్నకి జవాబు. డాక్టర్ ఫోన్ చేసినప్పుడే నాకు తెలిసింది. ఆయన అడిగాడు, నేను చెప్పాను. అంతకంటే ఏమీ లేదు. అక్క ఏమనుకుని రాసిందో అక్కనే అడగాలి. ఆ అవకాశం మీకూ లేదు, నాకూ లేదు.

ఇక్కడ వానకి సగం బస్సులు ఆలస్యం, మిగతా సగం రద్దు. పొద్దున్నుంచి మైకులో అదే పాట. జనం నా వైపు ఎలా చూస్తారంటే, నేనే వెళ్ళి టైర్లలో గాలి తీసినట్టు. ఒకావిడ అడిగింది, "ఏమమ్మా, మంచి మాట ఒక్కటైనా చెప్పవా ఆ మైకులో?" అని. పది నిమిషాలకి ఆవిడ బస్సు వచ్చింది. నా వల్లే వచ్చినట్టు దండం పెట్టి ఎక్కింది. ఈ ఉద్యోగంలో నింద నాదే, పుణ్యం నాదే. బస్సు మాత్రం నాది కాదు.

మీరు వేళకి తింటున్నారా? అక్క బట్టలు అలమరలో అలాగే మూసి ఉంచితే ఈ చెమ్మకి పురుగు పడుతుంది. సెలవు పెట్టుకుని రెండు రోజులు వచ్చి సర్ది వెళ్ళమంటారా?

మీ మరదలు


ఇల్లు, ముందు గది
వానలు

మరదలికి,

అలమర తాళం నా దగ్గరే ఉంది. రానవసరం లేదు.

నిన్న లాయర్ ఆఫీసుకి వెళ్ళాను. జెరాక్స్ కొట్టు పైన, ఇరుకు మెట్లు. మనిషికి నడివయసు. తొందరగా మాట్లాడుతుంది, నిదానంగా రాస్తుంది. మీ అక్క తన దగ్గర మూడు పత్రాలు చేయించుకుందట. విల్లు ఒకటి. తను మంచాన పడితే బ్యాంకు పనులూ ఇంటి పనులూ చూడటానికి పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి. వైద్యం పత్రం ఒకటి. మొదటి రెండూ నాకు చదివి వినిపించింది. విల్లులో ఉన్నదంతా నాకే. పవర్ కూడా నా పేరనే. అంటే బ్యాంకుకి, ఇంటికి నన్ను నమ్మింది. ఊపిరికి మాత్రం నిన్ను.

నిజం చెప్తాను. విల్లులో నీ పేరు ఉంటుందనే వెళ్ళాను. ఉండి ఉంటే లెక్క తేలిపోయేది. లేదు. దొంగకి చిల్లిగవ్వ మిగలకపోతే ఆ దొంగతనం ఎందుకు జరిగినట్టు? ఇప్పుడు నాకు అనుమానం పెరిగిందే కానీ తగ్గలేదు.

వైద్యం పత్రంలో రెండో పేజీ చూపించమన్నాను.

"కుదరదండీ. మీ ఆవిడ నా క్లయింటు."

"ఆవిడ పోయిందండీ."

"పోయినా క్లయింటే. నిర్ణయం మీ మరదలుగారికి అప్పగించారు. ఆవిడ సరేనంటే చూపిస్తాను. ఇంతకీ మీ పత్రాలు ఎవరు చేస్తున్నారు?"

నాకు ఏ పత్రాలూ లేవన్నాను.

"ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ తూకాలు చూశారు. మీవి చూసుకోలేదన్నమాట," అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

లేచి వస్తుంటే తలుపు మూల గొడుగుల డబ్బాలో ఒక గొడుగు కనపడింది. నల్లది. పిడికి నీలం రంగు టేపు. ఆ పిడి విరిగితే టేపు చుట్టింది నేనే, మీ అమ్మ ఇంకా ఉన్న రోజుల్లో, మా వంటింట్లో నిలబడి. అది నీ గొడుగు. ఇవ్వమన్నాను. "మీది కాదు కదండీ," అంది లాయరమ్మ.

కింద జెరాక్స్ అతను సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో ఒకడు. అడిగాను. "గుర్తుందండీ. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పైన ఒకావిడ పడీపడీ నవ్వుతున్నారు. ఇంకొకావిడ వచ్చి ఇక్కడ మెట్ల మీద కూర్చున్నారు. మంచినీళ్ళు కావాలా అంటే వద్దన్నారు. ఇదంతా పోయిన వానాకాలం మాట."

డాక్టర్ ఫోన్ చేసినప్పుడే తెలిసిందని రాశావు. నీ చేతి రాతే. నా దగ్గర ఉంది.

మెట్ల మీద కూర్చున్నది నువ్వు. మరి నవ్వింది ఎవరిని చూసి?

మీ బావ


డిపో, విచారణ కౌంటర్ వెనక గది
వానలు

బావగారికి,

శభాష్. గొడుగుని కూడా తనిఖీ చేసి సీలు వేశారు. ఉద్యోగం వదిలినా బుద్ధి వదల్లేదు.

అబద్ధం రాశాను. అవును. వెళ్ళాను, విన్నాను, మెట్ల మీద కూర్చున్నాను, గొడుగు మర్చిపోయాను. దాని కోసం మళ్ళీ ఆ మెట్లు ఎక్కే ధైర్యం లేక తడుస్తూనే తిరుగుతున్నాను. ఎందుకు దాచానంటే, అక్క దాచమంది. "ఆయనకి తెలిస్తే ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి తనిఖీ మొదలుపెడతారు," అంది. తప్పు చెప్పిందా?

ఎప్పుడు కలిశారని అడుగుతారు కదా. అడక్కముందే చెప్తున్నాను. పోయిన వానాకాలం ఒక రోజు నా కౌంటర్ ముందు పెద్ద లైను. తల వంచుకుని ఒక్కొక్కళ్ళకీ చెప్పుకుంటూ పోతున్నాను. ఒక గొంతు అడిగింది.

"మా చెల్లెలి దగ్గరికి వెళ్ళే బస్సు ఎప్పుడుందండీ?"

తల ఎత్తలేదు. గొంతు తెలుసు. "రద్దయింది," అన్నాను.

"మళ్ళీ ఎప్పుడు వేస్తారు?"

"ఆ రూట్లో రోడ్డు బాగాలేదండీ. తిట్టి తిట్టి గుంటలు చేశారు."

వెనకున్నాయన గొడవ. "అమ్మా, మీ ముచ్చట్లు తర్వాత, మా బస్సు కదులుతోంది!" అక్క ఆయన వైపు తిరిగి, "రెండేళ్ళుగా ఆగిన బస్సండీ ఇది, ఒక్క నిమిషం ఓపిక పట్టండి," అంది. ఇద్దరం నవ్వేశాం. ఆ తర్వాత నా గదిలో కూర్చుని ఏం మాట్లాడుకున్నామో అది మాది. అప్పటికే తన ఊపిరితిత్తుల సంగతి డాక్టర్ చెప్పేశాడు. మీకు సగం చెప్పింది. నాకు మొత్తం చెప్పింది.

నన్నే ఎందుకు అన్నది మాత్రం అడగకండి. ఒట్టు పెట్టించుకుంది.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకు? "నీ చేతి రాతే, నా దగ్గర ఉంది" అని రాశారు. ఎవరికి చూపించడానికి? బావా మరదళ్ళం ఎన్నేళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకున్నాం. నేను మీ కళ్ళజోడు దాచితే మీరు నా చెప్పులు దాచేవాళ్ళు. ఎప్పుడైనా సాక్ష్యం పెట్టుకున్నామా?

మరదలు


ఇల్లు, ముందు గది
వానలు తగ్గాక

మరదలికి,

ఎవరికి చూపించడానికని అడిగావు. వైద్య మండలికి. ఫిర్యాదు రాశాను. ఎదురుగా ఉన్న భర్తని ఒక్క మాట అడగకుండా, వేరే ఊళ్ళో ఉన్న మనిషి ఫోన్ మాట మీద వైద్యం ఆపారని. ఆ నిర్ణయం వెనక ఒత్తిడి ఉందో లేదో విచారించమని. విచారణ అంటే నిన్ను పిలుస్తారు, లాయరమ్మని పిలుస్తారు, డాక్టర్‌ని పిలుస్తారు. తెలిసే రాశాను. కవరు మీద చిరునామా కూడా రాశాను. నీ జవాబు వచ్చేదాకా పోస్టు చేయను.

నా ప్రశ్న ఒక్కటే. దానికి కారణం మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు దాన్ని తాకలేదు. డాక్టర్ రెండు సార్లు ఫోన్ చేశాడు. "ఆయన అడిగాడు, నేను చెప్పాను" అని రాశావు. అడిగి చెప్పడానికి ఒక ఫోన్ చాలు. మొదటి దాంట్లో ఏమన్నావు? రెండింటి మధ్య ఏం మారింది? నీ చేత ఎవరు మార్పించారు?

ఒట్టు అన్నావు. నేనూ ఒకటి చెప్తాను. నేను ఎలాంటివాణ్ణో మీ అక్కకి తెలిసినంత నీకు తెలియదేమో.

మా తమ్ముడిది కిరాణా కొట్టు. నా పరిధిలోనే ఉండేది. ఉద్యోగంలో చేరిన ఏడు నుంచి రిటైరైన ఏడు దాకా వాడి త్రాసుని నేను ముట్టుకోలేదు. నా తోటి ఇన్‌స్పెక్టర్ని పంపేవాణ్ణి. ఆఫీసులో ఆయన్ని అందరూ సున్నా అంటారు. ఖాళీ పళ్ళెంతో ముల్లు సున్నా దగ్గర నిలబడితే తప్ప మిగతా పరీక్ష మొదలుపెట్టడు. మొహమూ అంతే, ఏ వైపూ మొగ్గదు. నువ్వు చూశావు. అంత్యక్రియలకి వచ్చి, గోడ పక్కన నిలబడి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయిన పొడుగాటి మనిషి. ఒక ఏడు ఆయన మా తమ్ముడి త్రాసు తేడా చూపిస్తోందని సీలు వేసి పక్కన పెట్టించాడు. కొట్టు ముందు జనం చూస్తుండగా. తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు. "సొంత అన్నవి, నువ్వు వచ్చుంటే నా పరువు పోయేదా?" అన్నాడు. నేను సున్నాని ఒక్క మాట అనలేదు. మరుసటేడు మళ్ళీ ఆయన్నే పంపాను.

అంత నిక్కచ్చిగా బతికినవాణ్ణి. సొంతవాళ్ళ విషయంలో వెంట్రుకవాసి కూడా మొగ్గనివాణ్ణి. అలాంటి మనిషిని మీ అక్క నమ్మకపోవడానికి కారణం నాకు దొరకడం లేదు. ఎవరో నూరిపోశారన్నది తప్ప.

జవాబు రాయి.

మీ బావ


డిపో, విచారణ కౌంటర్ వెనక గది
చలి మొదలు

బావగారూ,

మీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. పక్కన టికెట్ల అతను కంగారుపడ్డాడు. తర్వాత నవ్వు ఆగి ఇంకోటి వచ్చింది.

కారణం దొరకడం లేదన్నారు. కారణం మీరే రాసి పంపారు. ఒట్టు ఇక పనిచేయదు, మీరే విప్పేశారు. వినండి.

ఆ రోజు లాయరమ్మ అక్కని అడిగింది. "భర్త ఉండగా చెల్లెలెందుకమ్మా? ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అప్పుడు అక్క నవ్వడం మొదలుపెట్టింది. జెరాక్స్ అతను విన్న నవ్వు అదే. అక్క అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"గొడవలా? మా ఆయన తన తమ్ముడి కొట్టు త్రాసుని ఒక్కసారి కూడా ముట్టుకోలేదండీ. కావలసినవాళ్ళ త్రాసు మనం చూడకూడదు, మన కన్ను మనకి అబద్ధం చెప్తుందంటాడు. తమ్ముడి త్రాసుకి సీలు పడిన రోజు ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? 'నేనే వెళ్ళి ఉంటే ఆ ముల్లు నాకు సరిగ్గానే కనపడి ఉండేది' అన్నాడు. తమ్ముడి త్రాసే చూడలేనివాడి చేతిలో నా త్రాసు పెట్టమంటారా?"

ఇది మిమ్మల్ని నమ్మకపోవడమా? మీ మాటనే నమ్మింది.

ఇంకా అంది. "ఆయన్ని అడిగితే నన్ను మిషను మీద ఉంచమంటాడు. ఉంచాక నేను పడే ప్రతి బాధా తన వల్లేనని కూర్చుని బరువు వేసుకుంటాడు. వద్దంటే ఆ బరువు ఇంకా పెద్దది. ఆయన చేతికి అసలు ఇవ్వకండి." లాయరమ్మ అదంతా పత్రంలో పట్టదని చెప్పి ఒక్క వాక్యం రాసింది. రెండో పేజీలో మీరు చూడాలనుకున్నది అదే. "ఈ విషయమై నా భర్తని అడగకూడదు." లాయరమ్మకి ఫోన్ చేసి సరేనన్నాను. వెళ్ళి చూసుకోండి. మీరు ఎలాగూ చూస్తారు.

ఇక నా సంగతి. అక్క నన్ను ప్రేమతో ఎంచుకుందని మీరు కుళ్ళుకుంటున్నారు. లాయరమ్మ రెండో ప్రశ్న వేసింది. "మరి చెల్లెలికి మీరు కావలసినవాళ్ళు కాదా?" అక్క నా ముందే చెప్పింది. "మా అమ్మ విషయంలో ఇది కన్ను తడవకుండా చెప్పింది. అందుకే రెండేళ్ళు దీన్ని తిట్టాను. ఇప్పుడు నాకు ఆ పొడి కన్నే కావాలి. రోజూ మైకులో రద్దు రద్దు అని చెప్పే మనిషి. నాదీ చెప్తుంది." మెచ్చుకుంటూనే అంది. నేను లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. గొడుగు అక్కడే ఉండిపోయింది.

అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదని మీరిద్దరూ అన్నారు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఆవిడ తన నీళ్ళ సీసా నాకిచ్చేసి, దిగేదాకా నా వీపు నిమురుతూనే ఉంది. ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడ చూసింది. మీరు చూడలేదు.

ఇప్పుడు రెండు ఫోన్లు.

మొదటి ఫోన్‌లో డాక్టర్ అడిగాడు. నేను అన్నది ఇదీ. "మా బావగారు బయటే ఉన్నారు కదండీ, ఆయన్ని అడగండి. నా వల్ల కాదు." మిమ్మల్ని పక్కకి నెట్టాననుకున్నారు. మీ చేతిలో పెట్టేసి పారిపోవాలని చూశాను. ఆయన "ఒక్కసారి పత్రం చూస్తానమ్మా" అని పెట్టేశాడు. ఎవరో బస్సు అడిగారు. మైకు తీసి ఏదో చెప్పాను. మళ్ళీ ఫోన్ మోగింది. "ఆయన్ని అడగకూడదని రాసి ఉందమ్మా. మీరే చెప్పాలి," అన్నాడు.

"పెట్టకండి" అన్నాను. తర్వాత ఏడ్చాను. రెండోసారి ఆయన ఎక్కువ విన్నాడు, తక్కువ మాట్లాడాడు అని రాశారు చూడండి. ఆయన విన్నది అదే.

ఆయన ఒక్కడే కాదు. నేను మైకు కట్టేయడం మర్చిపోయాను. "పెట్టకండి డాక్టర్‌గారూ, మా అక్కకి నొప్పి తెలియకుండా చూడండి," అన్నదీ, ఆ తర్వాత ఏడ్చిందీ డిపో అంతా వినపడింది. ప్రతి ప్లాట్‌ఫాం మీదా. అధికారిక ప్రకటనల పరికరాన్ని సొంతానికి వాడానని మేనేజర్ మెమో కూడా ఇచ్చాడు. ఇచ్చి, నా బల్ల మీద తన రుమాలు పెట్టి వెళ్ళాడు.

అక్క కోరింది ఒక్కటే, పొడి కన్ను. అదీ ఇవ్వలేకపోయాను. అది మీకు తెలియకూడదని అబద్ధాలు రాశాను.

మీ ఫిర్యాదు పంపుకోండి. సాక్షులు కావాలంటే ప్లాట్‌ఫాం నిండా ఉన్నారు. ఒక్క మనవి. రేపు మీ పత్రాలు చేయించుకుంటే నా పేరు రాయకండి బావా. అమ్మకి ఒకసారి, అక్కకి ఒకసారి. మూడోసారి నా వల్ల కాదు.

చిన్ని


ఇల్లు, ముందు గది
చలికాలం

చిన్నీ,

ఇలా పిలిచి చాలాకాలమైంది. మీ అమ్మ పోయిన ఏడు నుంచి మానేశాను. మీ అక్కకి కోపమొస్తుందని. అది నెపం. నాకూ కోపమే.

నీ ఉత్తరం వచ్చాక మూడు పనులు చేశాను. ఒకటి, లాయరమ్మ దగ్గర రెండో పేజీ చూశాను. ఆ వాక్యం ఉంది. కింద మీ అక్క సంతకంలో వణుకు లేదు. చాలాసేపు చూశాను. లాయరమ్మ ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి, పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

రెండోది చెప్తే తిడతావు. మీ డిపోకి వచ్చాను. నీ కౌంటర్ వైపు రాలేదు. దూరం నుంచి చూశాను. చిక్కిపోయావు. వార్తాపత్రికలు అమ్మే ముసలాయన్ని ఆ రోజు మైకు సంగతి అడిగాను.

"ఆ మైకమ్మా? గుర్తులేకపోవడమేంటండీ. జనమంతా ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోయారు. డ్రైవర్ ఇంజను కట్టేశాడు."

"గౌరవానికా?"

"సరిగ్గా వినపడటం లేదని. తర్వాత గౌరవానికే అనుకోండి, చాలాసేపటిదాకా మళ్ళీ వేయలేదు. మీరు వాళ్ళ తాలూకానా?"

అవునన్నాను. పేపరు ఇచ్చి డబ్బులు వద్దన్నాడు.

ఇలా వచ్చి విచారించినందుకు క్షమించమని అడగను. చూడకుండా నమ్మడం నాకు చేతకాదు. మీ అక్కకి తెలుసు. అందుకే నీ చేత ఒట్టు వేయించుకుంది, అందుకే రెండో పేజీలో నన్ను బయట కూర్చోబెట్టింది. ఆ బల్ల మీద కూర్చున్నంతసేపూ లోపల ఏదో జరుగుతోంది, నాకు తెలియనివ్వడం లేదు అనుకున్నాను. నిజంగానే జరిగింది. నా మీద బరువు పడకుండా ఇద్దరు ఆడవాళ్ళు చూసుకుంటున్నారు.

ఒకటి ఒప్పుకోవాలి. డాక్టర్ నన్నే అడిగి ఉంటే "పెట్టండి" అనేవాణ్ణి. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకునే లేచి నిలబడ్డాను. ముల్లు ఏ వైపున్నా నాకు సరిగ్గానే కనపడేది.

మూడో పని. అలమర తెరిచాను. చీరలకి పురుగు పట్టలేదు. స్వెట్టర్లకి పట్టింది. నువ్వన్నది సగం నిజం. సెలవు దొరికినప్పుడు వచ్చి సర్దు. తాళం పాలవాడికి ఇచ్చి బయటికి పోను, ఇంట్లోనే ఉండి నీ చేతికే ఇస్తాను.

ఇక నా పత్రాలు. లాయరమ్మ ముసాయిదా రాసి ఉంచింది. విల్లు నీకూ మా తమ్ముడికీ. వాదించకు. వైద్యం పత్రంలో పేరు దగ్గర ఖాళీ వదిలింది. నీ ఉత్తరం రాకపోయి ఉంటే పంతానికి నా తమ్ముడి పేరు రాసేవాణ్ణి. ఉత్తరం చదివిన రోజు నీ పేరు రాద్దామనుకున్నాను. రెండూ రాయను. నీ పేరు లేదంటే కోపం అనుకోకు. నా విషయంలో నీ కన్ను ఇక పనికిరాదు. డిపో అంతా సాక్ష్యం.

నాకు ఆ రోజు వచ్చినప్పుడు నీకు ఫోన్ చేసి ఎవరూ ఏమీ అడగరు. కబురు మాత్రం వస్తుంది. నువ్వు వచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చో. కావలసినంత ఏడువు. ఆ బల్ల కాలు పొట్టి అని చెప్పాను కదా. ఈ కాగితం దాచుకో. వెనక్కి తిప్పి చూస్తే వైద్య మండలికి రాసిన ఫిర్యాదు కనపడుతుంది. దాని వీపు మీదే నీకు రాస్తున్నాను. కాగితం మందంగా ఉంది. నాలుగు మడతలు వేసి ఆ కాలు కింద పెడితే ఊగదు.

రేపు ఉదయం సున్నా ఇంటికి వెళ్తాను. నా వైద్యం పత్రంలో ఆ ఖాళీలో మీ పేరు రాయించనా, నా తరఫున మీరు నిర్ణయిస్తారా అని అడుగుతాను. వెంటనే ఒప్పుకోడు. ఎందుకు, ఏమిటి, పత్రం ఎక్కడ అంటాడు. చూపిస్తాను. అంత్యక్రియల్లో మొహం కదలకుండా నిలబడ్డాడని ఆ రోజు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ మొహమే కావాలి. ఒప్పుకున్నాక ఇద్దరం లాయరమ్మ దగ్గరికి వెళ్తాం. పని అయ్యాక తలుపు మూల గొడుగు అడుగుతాను. మీది కాదు కదండీ అంటుంది. మా మరదలిదండీ, పిడికి టేపు నేనే చుట్టాను అని చెప్పి తీసుకుంటాను.

మీ బావ